రంగు వద్దన్న గోడ

ముప్ఫై యేండ్లు తుప్పు గీకిన చేతులివి.
గేట్లు, గ్రిల్స్, వాటర్ ట్యాంకు కాళ్లు,
కాజీపేట బ్రిడ్జి పక్క రేకుల షెడ్లు.
ఎమరీ పేపరు, ఇనుప బ్రష్షు,
ఆ పైన రెడాక్సైడు రెండు కోట్లు.
మాపటికి ఉమ్మితే ఎర్రగ పడేది.
"ఆకూ వక్కా లేకుంటనే పండింది గద నీ నోరు"
అనేది మా ఆమె.

అసొంటి నన్ను పిలిచి
హసన్‌పర్తి రోడ్డు మీద
కొత్తగ లేస్తున్న డయాలసిస్ దవఖాన ముంగట నిలబెట్టి
ఆర్కిటెక్టు మేడం చెప్పింది:
"కట్టమల్లూ, ఈ రేకులకు రంగు వద్దు.
పొద్దుగాల తడుపు. ఎండనియ్యి. మాపటికి మళ్ల తడుపు.
తుప్పు పట్టాలె."

నేను నవ్విన. ఆమె నవ్వలే.

పడమటి మొకం నిండ ఉక్కు రేకులు,
నిలువెత్తువి, నలభై రెండు.
రేకుకూ అద్దానికీ నడుమ మూరెడు సందు.
రేకు రేకుకూ చిల్లులు,
పైన జల్లెడ లెక్క, కిందికి వచ్చేసరికి గవ్వలంత.
"మే నెల నాలుగింటి ఎండ ఏ వాలున వస్తదో
లెక్క కట్టి కోయించిన" అన్నది.
ఎండకు వాలుంటదని నాకూ ఎరుకే.
నిచ్చెన మీద ఏ మెట్టున నిలబడితే
మెడ కాలుతదో ఎరిగినోణ్ణి.

తడిపిన.
మొదటి వారం పసుపు మరకలు,
ఎవరో తొందరల నలుగు పెట్టి పోయినట్టు.
పక్షం దాటినంక నారింజ.
వానలు పడ్డంక
ఏనుమాముల యార్డుల తడిసిన మిర్చి బస్తాలు.

అప్పుడొచ్చిండు ఓనరు సమ్మిరెడ్డి సారు.
నిగనిగలాడే గ్రానైటు మెట్ల మీద
పై నుంచి కారిన ఎర్రటి ధార.
"కోట్లు పోసి తుప్పు కొన్ననా?"
ఫోనుల మేడాన్ని అడిగిండు,
నా దిక్కు చూసుకుంట అడిగిండు.
మోకాళ్ల మీద కూసోని తుడిచిన.
తెల్లారి మళ్ల తుడిచిన.
ఆఖరికి ఆ మెట్లు ఊడదీయించి
మేడం అక్కడ మొరం పోయించింది.
మొరం మీద పడ్డ మరక ఎవనికి కనవడ్తది?
మా నేల ఎన్నడో నానిన ఇనుమేనాయె.

ఒక సంగతి సారుకు చెప్పలే.
పదకొండో రేకు ఎక్కిస్తుంటే ఒరిగింది,
చెయ్యి అడ్డం పెట్టి ఆపిన.
చెమట చెయ్యి, టర్పెంటు చెయ్యి.
రేకంత ఎర్రబడ్డా
ఆ అయిదు వేళ్లు పట్టిన కాడ తుప్పెక్కలే.
"గీకాల్నా మేడం?"
"ఉండనియ్యి. అదీ మానుతది."

మామూలు ఇనుము తుప్పు
పొక్కులు పొక్కులుగ రాలి లోపలికి తింటదట.
దీంట్ల రాగి కలిపిండ్రట, ఇంకేందో కలిపిండ్రట,
దీని తుప్పు రాలదట,
గట్టిగ కరుచుకొని
తనకు తానే తలుపేసుకుంటదట.
ముప్ఫై యేండ్లు గీకినదాంట్ల
ఒక్క పొరనన్న అడిగిననా,
ఆగుతవా అని?

రోహిణి కార్తెల బాకీ పైసల కోసం పోయిన.
బయట తారు చెప్పుకు అంటుకుంటున్నది.
మేడ మీద వార్డుల పరకాల బీడీలామె ఒకామె,
ట్యూబుల రక్తం పోతున్నది, వస్తున్నది.
దుప్పటి మీద చిల్లుల వెలుగు చిల్లర పోసినట్టు.
"అగో, ఇవి కాళ్ల కాడ మొదలైతయి బిడ్డా.
మెల్లగ పైకి పాకుతయి.
తలగడ ముట్టినయంటే
నా నాలుగు గంటలు అయిపోయినట్టు.
గడియారం ఎందుకు నాకు?"
రొమ్ము దాక వచ్చినయి అప్పటికి.

కిందికి దిగి పదకొండో రేకు కాడ ఎతికిన.
వేళ్లు లేవు.
చెయ్యి ఆనిచ్చి చూద్దామనుకున్న,
పెంక లెక్క కాగుతున్నది, ఆనియ్యలే.
సందుల నుంచి వేడిగాలి మీదికి లేస్తున్న సప్పుడు.

అకౌంటు పిలగాడు బిల్లు బుక్కు తీసిండు.
"పెయింటింగు ఎన్ని ఫీట్లే?"
"పెయింటింగు లేదు బిడ్డా."
"మరేం రాయాలె?"
కొంచెం సేపు ఆలోచన చేసిన.
"తడిపిండు అని రాయి.
ఆరనిచ్చిండు అని రాయి."